పాట వద్దురా, వట్టి సంగీతం వినిపించు

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. క్లాసులో కవిత రాయమంటే పిల్లలందరూ "సూర్యుడు ఉదయించెను, పక్షులు కిలకిలలాడెను" అనే రాస్తున్నారని వాపోయావు. నాకూ ఇదే బాధ ఉండేది. వాళ్ల దగ్గర మాటల్లేక కాదురా, ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలో తెలీక అలా రాస్తారు. ఆ ఎత్తుగడ సంగీతం ఇస్తుంది.

మొదటిసారి నేనో మంచి సినిమా పాట పెట్టి తప్పు చేశాను. పిల్లలు హాయిగా విని, ఆ పాటలో మాటల్నే అటూ ఇటూ మార్చి రాసిచ్చారు. అప్పట్నుంచి వీణ, వేణువు, వయొలిన్, ఏదైనా సరే, గొంతు లేనిదే పెడుతున్నాను. రెండు మూడు నిమిషాలు చాలు. పేరు ముందు చెప్పను. మొదటిసారి కలం ముట్టకూడదు, వినడమే. రెండోసారి వింటూ రాయాలి. "విషాదంగా ఉంది" అని రాస్తే ఒప్పుకోను. ఎవరున్నారు, ఎక్కడున్నారు, చేతిలో ఏముంది అని అడుగుతాను.

మొన్న ఇటలీ స్వరకర్త వివాల్డి 'నాలుగు రుతువులు'లో వసంతం రెండో భాగం పెట్టాను. పైన వయొలిన్ మెల్లగా సాగుతుంటే, కింద వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్ద వాద్యం) టక్ టక్ మని రెండేసి దెబ్బలు వేస్తూనే ఉంటుంది. ఒకమ్మాయి ఆ దెబ్బలు విని, ఎవరూ తియ్యని తలుపు తడుతున్న మనిషి గురించి రాసింది. ఎంత బాగా రాసిందో! తర్వాత అసలు సంగతి చెప్పాను. 1725లో ఇవి అచ్చయినప్పుడు రుతువుకో సానెట్, అంటే పద్నాలుగు పాదాల కవిత, జతగా వచ్చింది. ఆ సానెట్, స్వరాల పక్కన రాసిన మాటల ప్రకారం వయొలిన్ నిద్రపోతున్న మేకల కాపరి, ఆ దెబ్బలేమో కుక్క మొరుగుడు. పిల్ల మొహం చిన్నబోయింది. "అయితే నాది తప్పా సార్?" అంది. "ఆయనకి కుక్క వినిపించింది, నీకు తలుపు వినిపించింది. రెండూ ఆ స్వరంలో ఉన్నాయి" అన్నాను. ఆ మధ్యాహ్నమే ఇంకో రెండు పేజీలు రాసుకొచ్చిందిరా!

ఇక తాళం. దీని మీద నాకు మరీ ఇష్టం. తకిట తకధిమి, తకిట తకధిమి అని చప్పట్లు కొట్టిస్తాను. మూడూ నాలుగూ ఏడు మాత్రలు. 1910లో గురజాడ ముత్యాలసరాలకి ఎంచుకున్న నడక ఇదే. ఛందస్సు అన్న మాటే ఎత్తను, ఎత్తితే బిగుసుకుపోతారు. చేతులకి పట్టుబడ్డాక ఆ నడకలోనే మాటలు వేయమంటాను. ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే ఓ కుర్రాడు ఇలా అన్నాడు:

వాన వెలిసిన వీధి చివరన
ఒంటి చెప్పును వదిలి పోయిరి

ఎవరు పోయారు, ఎందుకు పోయారు అని క్లాసంతా వాణ్ణి చుట్టుముట్టింది.

ఒక్కటి మాత్రం మర్చిపోకు. రాసింది చదివించేటప్పుడు సంగీతం ఆపెయ్యి. అది వెనక మోగుతుంటే ఏ వాక్యమైనా బాగున్నట్టే ఉంటుంది. ఆపితేనే ఎక్కడ మాట నిలబడిందో, ఎక్కడ తేలిపోయిందో పిల్లలకే తెలిసిపోతుంది.

నువ్వు ముందు తాళంతో మొదలుపెట్టు, దానికి చేతులుంటే చాలు. వాళ్లు రాసినవి నాకు పంపు. ఒక్క అక్షరం కూడా దిద్దకుండా పంపాలి, సరేనా?

నీ నేస్తం