ఇంటర్‌లోనే డిగ్రీ పేపర్లు రాయనివ్వండి

సంపాదకులకు,

ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో కామర్స్ చెప్పి రిటైరయ్యాను. మొన్న నార్త్ కరోలినా నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. వాళ్ల మనవరాలు హైస్కూల్లో ఉంటూనే కాలేజీ పాఠాలూ చదువుతోందట. "పన్నెండో తరగతి అయ్యేసరికి రెండేళ్ల కాలేజీ చదువు కూడా అయిపోవచ్చట అక్కా, ఫీజు కూడా లేదు" అంది. ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి నాకు నా దగ్గర చదివిన పెందుర్తి అమ్మాయే గుర్తొస్తోంది.

సీఈసీ గ్రూపు. తండ్రి ఆటో నడిపేవాడు. ఖాతాల లెక్క సరిచూసే ట్రయల్ బ్యాలెన్స్‌లో పది రూపాయలు తేడా వస్తే, బస్సు వెళ్లిపోతున్నా సరే, ఆ పది రూపాయలు ఎక్కడ తప్పాయో పట్టుకునే దాకా లేచేది కాదు. ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. పద్దెనిమిది నిండగానే శుభలేఖ తెచ్చి చేతిలో పెట్టింది. వాళ్ల నాన్నను అడిగితే, "డిగ్రీ అంటే మళ్లీ మొదట్నుంచి మూడేళ్లు కదమ్మా, ఎవరాగుతారు?" అన్నాడు. నేనేమీ చెప్పలేకపోయాను. అప్పటికే నాలుగు డిగ్రీ పేపర్లు పాసై ఉంటే, "ఇంత అయిపోయింది, ఇప్పుడు ఆపకండి" అని గట్టిగా అడిగేదాన్ని.

మా చెల్లెలి మనవరాలు చదివేలాంటి స్కూళ్లను అమెరికాలో ఎర్లీ కాలేజ్ హైస్కూళ్లు అంటారు. న్యూయార్క్‌లో 1974లోనే ఒక కమ్యూనిటీ కాలేజీ ఆవరణలో హైస్కూల్ పెట్టి ఇలాంటి ప్రయత్నానికి దారి వేశారు. 2002 నుంచి గేట్స్ ఫౌండేషన్ సాయంతో చాలా రాష్ట్రాలకు వ్యాపించాయి. ఇవి ర్యాంకర్ల కోసం పెట్టినవి కావు. ఇంట్లో ఎవరూ కాలేజీ గడప తొక్కని పిల్లలు, డబ్బు లేని పిల్లలు, ముఖ్యంగా వాళ్ల కోసమే.

మనకూ ఇది మరీ కొత్తేమీ కాదు. కంచరపాలెం పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరుతున్నారు. పదో తరగతి మార్కులతో ట్రిపుల్ ఐటీలో చేరిన పిల్లలకు ఆరేళ్ల చదువు ఒకే చోట సాగుతోంది. ఇంజినీరింగ్‌కు ఉన్న దారి బీకాంకు ఎందుకు ఉండకూడదు? సీఈసీ పిల్లలు జర్నల్, లెడ్జర్ అన్నీ నేర్చుకునే వెళ్తారు. డిగ్రీలో మళ్లీ అవే మొదట్నుంచి చెబుతారు.

పాసైన పేపర్లకు వచ్చే క్రెడిట్లు దాచుకునే అకడమిక్ బ్యాంక్ 2021లోనే వచ్చింది. 2023లో వచ్చిన నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ స్కూలు చదువునూ అందులో కలిపింది. కాబట్టి ఇంటర్ బోర్డు, ఆంధ్రా యూనివర్సిటీ కూర్చుని మాట్లాడుకోవాలి. ముందు నగరంలోని ప్రభుత్వ జూనియర్ కాలేజీల సెకండియర్ పిల్లలను మద్దిలపాలెం కృష్ణా డిగ్రీ కాలేజీలో ఒకటి రెండు పేపర్లు చదవనివ్వండి. బస్ పాస్, పరీక్ష ఫీజు ప్రభుత్వమే భరించాలి. ఇష్టమైనవాళ్లే చేరాలి. ఫెయిలైతే ఇంటర్ మార్కుల మెమోలో ఆ ఊసే రాకూడదు, పిల్లలకు ఇప్పుడున్న టెన్షన్ చాలు. కార్పొరేట్ కాలేజీలకు మాత్రం అప్పుడే ఇవ్వకండి. మరుసటి రోజే స్పెషల్ బ్యాచ్ అని బోర్డు పెట్టి లక్షలు అడుగుతారు.

వచ్చే విద్యాసంవత్సరం ఒక్క అకౌంటింగ్ పేపర్‌తోనైనా మొదలుపెట్టండి. పాఠం చెప్పే మనిషి కావాలంటే నేనొస్తాను. జీతం అక్కర్లేదు.

ఒక రిటైర్డ్ కామర్స్ లెక్చరర్,
మద్దిలపాలెం, విశాఖపట్నం