ఆ స్క్వాడ్రన్ ఇంకా ఎగురుతోంది

సంపాదకులకు నమస్కారం.

విశాఖ బీచ్ రోడ్డు మీద మీరు వేసిన ఫొటోల పేజీ చూశాను. జలాంతర్గాముల్ని వెతికే టీయూ-142 విమానం ఫొటో కింద 'నేవీ నుంచి రిటైరైన విమానం' అని రాశారు. నిజమే. కానీ దాన్ని నడిపిన స్క్వాడ్రన్ పేరు ఎక్కడా లేదు. ఆ ఐఎన్ఏఎస్ 312లో (నేవీ విమాన దళాల్లో 312వ నంబరుది), తమిళనాడులోని అరక్కోణంలో, నేల మీద విమానాల బాగోగులు చూసే గ్రౌండ్ క్రూగా పనిచేసినవాణ్ని కాబట్టి నాలుగు మాటలు రాయాలనిపించింది.

312 పుట్టింది టీయూలతో కాదు. 1976లో సముద్రం మీద గస్తీ బాధ్యత ఎయిర్‌ఫోర్స్ నుంచి నేవీకి వచ్చినప్పుడు, ఒకనాడు ఎయిరిండియా ప్రయాణికుల్ని తిప్పిన సూపర్ కాన్‌స్టెలేషన్ విమానాలతో గోవాలో మొదలైంది. సోవియట్ యూనియన్ నుంచి టీయూలు వచ్చింది 1988లో. మొత్తం ఎనిమిది. 1992లో అరక్కోణంలో నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ రాజాలి ఏర్పడ్డాక మకాం అక్కడికి మారింది.

వచ్చిన ఏడాదే పెద్ద పని పడింది. 1988 నవంబరులో మాల్దీవుల్లో ప్రభుత్వాన్ని కూల్చడానికి కిరాయి సాయుధులు దిగారు. మన పారాట్రూపర్లు రాజధాని మాలే చేరేసరికి వాళ్లు బందీలను తీసుకుని 'ప్రోగ్రెస్ లైట్' అనే ఓడలో పారిపోయారు. అంత సముద్రంలో ఆ ఓడ జాడ తప్పిపోకుండా వెంటాడినవి నేవీ గస్తీ విమానాలే. మన టీయూలు కూడా ఆ ఆపరేషన్‌లో ఉన్నాయి. చివరికి ఓడను పట్టుకున్న యుద్ధనౌక పేరు ఐఎన్ఎస్ గోదావరి. ఈ కథ మన ఊళ్లలో పిల్లలకు తెలియదంటే నాకు బాధగా ఉంటుంది.

కానీ ఇలాంటి రోజులు అరుదు. 312 అసలు పని జలాంతర్గాముల వేట, అంటే గంటల తరబడి ఓపిక పట్టడం. విమానం నుంచి సోనోబాయ్‌లను నీళ్లలోకి వదులుతారు. అవి తేలుతూ, లోపలికి దించిన మైకుతో నీటి అడుగు చప్పుళ్లు పట్టి రేడియోలో పైకి పంపుతాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాటిని వినే మనిషి చెవి మీదే అంతా ఆధారపడి ఉంటుంది. దొరికితే ఎవరికీ చెప్పరు, దొరక్కపోయినా చెప్పరు. పేపర్లో వచ్చే పని కాదది.

మా పని నేల మీద. సముద్రానికి తక్కువ ఎత్తులో ఎగిరొచ్చిన విమానానికి ఉప్పు పడుతుంది. మంచినీళ్లతో కడగకపోతే లోహాన్ని తినేస్తుంది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు వరుసల ప్రొపెల్లర్లు. స్టార్ట్ చేస్తే ఆ మోత గుండెల్లో కొట్టేది. పని ముగిశాక ఒక్క స్పానర్ లెక్క తేలకపోయినా, అది దొరికేదాకా విమానం కదలదు. ఎంత టెన్షనో! 29 ఏళ్లలో సుమారు 30,000 గంటలు ప్రమాదం లేకుండా ఎగిరాయని నేవీ ప్రకటించిన రోజు నాకు కళ్లు చెమర్చాయి. పైలట్ల పేర్లతో పాటు ఆ లెక్కలో మా చేతులూ ఉన్నాయి.

2017 మార్చిలో టీయూలు తప్పుకున్నాయి. వాటిలో ఒకటి ఏప్రిల్‌లో విశాఖలోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో దిగి, ఆ డిసెంబరు నుంచి బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంది. రోడ్డుకు అటు కురుసుర జలాంతర్గామి, ఇటు జలాంతర్గాముల్ని వెతికే విమానం. ఈ రెండూ ఎదురెదురుగా ఎందుకు ఉన్నాయో చూసేవాళ్లకు ఎవరైనా చెబితే ఎంత బాగుంటుంది!

స్క్వాడ్రన్ మాత్రం రిటైర్ కాలేదు. 2013 నుంచే అరక్కోణంలో అదే గస్తీ పని చేసే బోయింగ్ పీ-8ఐ జెట్లు దిగడం మొదలైంది. 2014లో మాయమైన మలేసియా విమానం ఎంహెచ్370 కోసం సముద్రాన్ని గాలించినవాటిలో అవీ ఉన్నాయి. ఇప్పుడు 312 నడుపుతున్నది వాటినే.

విశాఖలో నేవీ నుంచి రిటైరై స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆదివారాలు మాలాంటివాళ్లను ఆ విమానం దగ్గర కూర్చోబెట్టి, స్కూలు పిల్లలతో తెలుగులో మాట్లాడిస్తే మేం పైసా అడగం. పర్యాటక అధికారులు ఆలోచించాలని మనవి. మీ పత్రిక కూడా గ్రౌండ్ క్రూ జ్ఞాపకాలకు నెలకో అర పేజీ ఇవ్వాలి. మాలో పెద్దవాళ్లకు ఇప్పటికే డెబ్బై దాటాయి.

– నేవీ మాజీ ఉద్యోగి, గోపాలపట్నం, విశాఖపట్నం