వరద వచ్చిన తేదీ కూడా డాక్టరుకు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ సింగ్‌నగర్‌లో ఉండే మా చెల్లెలు పోయిన వారం ఫోన్ చేసింది. "అక్కా, ఈయనకి రాత్రిళ్లు గుండె దడ. ఈసీజీ బాగానే ఉందట. గ్యాస్ అని బిళ్లలిచ్చారు" అంది. ఎప్పటినుంచే అని అడిగితే కాసేపు లెక్కపెట్టుకుని, 2024 సెప్టెంబరు నుంచి అంది. బుడమేరు వాగు వరద వాళ్లింట్లోకి వచ్చిన నెల అది. ఆ సంగతి డాక్టరుకు చెప్పారా అంటే, "దానికీ దీనికీ ఏం సంబంధం?" అంది. ఆ ప్రశ్నకు జవాబు మా ఇంట్లో ఉంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మేముండేది చెన్నై జాఫర్‌ఖాన్‌పేటలో, అడయారు నది పక్కన. నేను బట్టలు కుడతాను. 2015 డిసెంబరు 1 రాత్రి నీళ్లు వచ్చినప్పుడు మా ఆయన అత్తయ్యను భుజాన వేసుకుని మేడ ఎక్కించారు. మళ్లీ దిగి పక్క వాటాలోని పెద్దావిడ చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి జారిపోయింది. ఆవిడ దక్కలేదు. నీళ్లు తీశాక గోడ మీది మరకను నా టేపుతో కొలిచాను, 61 అంగుళాలు.

మరుసటేడు ఆయనకు బీపీ. తర్వాత షుగర్. కడుపులో మంటకు ఎండోస్కోపీ చేస్తే ఏమీ లేదన్నారు. 2021లో గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు. ఛాతీ కొలత 40 నుంచి 36కి దిగింది, ఆయన చొక్కాలన్నీ నేనే విప్పి మళ్లీ కుట్టాను. వాన రేకు మీద పడితే చాలు, లేచి రేషన్ కార్డు, మాత్రలు ప్లాస్టిక్ కవర్లో కట్టుకుని మెట్ల మీద కూర్చుంటారు, తెల్లారేదాకా. ఎన్ని ఆస్పత్రులు తిరిగినా ఈ కూర్చోవడం గురించి ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు, అది జబ్బు అనుకోలేదు మరి.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను తర్వాత ఒక ప్రభుత్వాసుపత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ రిపోర్టులు పక్కన పెట్టి, "నిద్ర ఎన్నాళ్లనుంచి లేదు?" అని అడిగింది. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆ పెద్దావిడ సంగతి ఆయన నోట వచ్చింది. చెప్పినంతసేపూ కుడిచేతి పిడికిలి విప్పలేదు.

ఆమె మాకు విడమరిచి చెప్పింది. ప్రాణం మీదికి వస్తే ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు ఊరతాయి. గుండె వేగం, బీపీ, రక్తంలో చక్కెర పెరుగుతాయి. ఆ రాత్రి మనిషిని నిలబెట్టేది అదే. కొందరిలో అది ఆ రాత్రితో ఆగదు, వాన చప్పుడు విన్న ప్రతిసారీ మళ్లీ మొదలవుతుంది. ఏళ్ల తరబడి అలా సాగితే రక్తనాళాలు దెబ్బతింటాయి. అమెరికాలో వియత్నాం యుద్ధకాలపు సైనికుల్లో కవల సోదరుల మీద చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. పీటీఎస్‌డీ (ప్రాణభయం కలిగించిన సంఘటన తర్వాత ఏళ్ల తరబడి మనసును వదలని భయం, ఆందోళన) ఉన్నవారిలో వందకు సుమారు 23 మందికి గుండెజబ్బు వస్తే, లేనివారిలో సుమారు 9 మందికే వచ్చింది. ఒకే కడుపున పుట్టిన ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూసినా తేడా పోలేదు.

అంతా వరద వల్లే అని నేననను. మా ఆయన బీడీలు తాగారు, మామగారికీ బీపీ ఉండేది. స్టెంటు స్టెంటే, మాత్రలు ఒక్కటీ మానలేదు. కానీ కౌన్సెలింగ్ మొదలయ్యాక రాత్రికి నాలుగైదు గంటలు నిద్ర పడుతోంది. ఆ మాట ముందే ఎవరైనా అడిగి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

విజయవాడలోనూ ఇక్కడా వరద చూసిన కుటుంబాలకు నా మనవి. ఛాతీలో నొప్పి వస్తే ముందు గుండె పరీక్షే చేయించుకోండి, టెన్షన్‌లే అని ఇంట్లో కూర్చోవద్దు. దాంతోపాటు వరద సంగతీ డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. వానాకాలం రాకముందే మీ ఆరోగ్యం పేజీలో దీని గురించి వైద్యులతో రాయించమని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

మా మరిదికి చీటీ రాసి జేబులో పెట్టమని చెల్లెలికి చెప్పాను: "2024 సెప్టెంబరు 1, ఇంట్లో నడుంలోతు నీళ్లు, రెండు రోజులు మేడమీద." సోమవారం డాక్టరుకు చూపిస్తారట.

– ఒక పాఠకురాలు, జాఫర్‌ఖాన్‌పేట, చెన్నై