బాపుకు వినపడేది, మాటే అందేది కాదు

సంపాదకులు గారికి,

మా బాపు సిరిసిల్లలో ముప్పై ఏళ్లు సాంచెలు (కరెంటు మగ్గాలు) నడిపాడు. 12 గంటల డ్యూటీ, చెవిలో దూది ముక్క కూడా ఉండేది కాదు, కార్ఖానాలో మాట్లాడుకోవడమంటే సైగలే, లేదంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవడమే. 85 డెసిబుల్స్ మోతలో రోజుకు 8 గంటలు మించకూడదట. మాకెవరూ చెప్పలేదు.

సరే, ఆ మోత సంగతి అలా ఉంచండి. ఆయనకు చెవి తగ్గుతోందని ఇంట్లో నలుగురం ఉండి కూడా నాలుగేళ్లు కనిపెట్టలేకపోయాం, ఎందుకంటే ఆయనకు వినపడేది! చౌరస్తా హోటల్లో బొంగురు గొంతు దోస్తుతో గంటలు గంటలు ముచ్చట పెట్టేవాడు, ఇంటికొచ్చాక నా భార్య "మామా, అన్నం పెట్టనా" అంటే పలికేవాడు కాదు. "ఆయనకు కావలసినవే వినపడతాయి" అని ఆమె, "మీరే నోట్లో గొణుగుతారు" అని ఆయన. రోజూ ఇదే లొల్లి. చెవి దెబ్బతింటే ఎక్కువగా ముందు పోయేవి సన్నటి శబ్దాలని డాక్టర్ చెప్పాక తెలిసింది. ఆడవాళ్ల, పిల్లల గొంతులు, మాటలో స, శ, చ లాంటివి అందవు. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. సంచి తెమ్మంటే కంచం తెచ్చాడొకసారి, అందరం నవ్వాం, ఆయనా నవ్వాడు. మూడు కూతలకు కుక్కర్ దించమని చెప్పి వెళ్తే ముందు గదిలో టీవీ చూస్తూ పప్పు మాడేదాకా కూర్చున్నాడు, అప్పుడు గానీ నాకు అనుమానం రాలేదు.

ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొస్తున్నాయి. ఫోన్ ఎప్పుడూ ఎడమ చెవికే. పెళ్లిలో పదిమంది మధ్య ఊరికే తలూపడం, తర్వాత పెళ్లిళ్లకే రానని మొండికేయడం, రాత్రిళ్లు చెవిలో కీచురాళ్ల మోత అనడం. వయసు అనుకుని వదిలేశాం, ఒకటి రెండుసార్లు వేడి నూనె కూడా పోశాం, అది అస్సలు చేయకూడదట. ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోతే మాత్రం ఇలా ఆగొద్దు, ఆ రోజో మర్నాడో డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి, ఆలస్యమైతే మందు పని చేయకపోవచ్చు.

మేం వెళ్లిన సర్కారు దవాఖానలో డాక్టర్ ఉన్నాడు, ఆడియోమెట్రీ (ఎంత వినపడుతుందో కొలిచే పరీక్ష) చేసే మనిషి లేడు. బయట చేయిస్తే రెండు చెవులూ 55 డెసిబుల్స్ తగ్గాయని వచ్చింది. 2016 వికలాంగుల చట్టం లెక్క 60 దగ్గర మొదలవుతుంది, కాబట్టి సర్టిఫికెట్ లేదు, ఫ్రీగా చెవి మిషన్ లేదు. చేతి డబ్బుతో కొన్నాం. ఇప్పుడు కుక్కర్ కూతకు ఉలిక్కిపడుతున్నాడు.

2018లో, మళ్లీ 2023లో కంటి వెలుగు పేరుతో ఊరూరా కళ్లు చూసి అద్దాలిచ్చారు, మంచి పని. చెవికెందుకు లేదు? బీపీ, షుగర్ చూసే ఏఎన్ఎం చేయి చాచినంత దూరంలో వెనక నిలబడి, ఒక చెవి మూయించి, గుసగుసగా మూడు అంకెలు చెప్పి తిరిగి చెప్పమంటే ఎవరిని పరీక్షకు పంపాలో తేలిపోతుంది, దానికి మిషన్ కూడా అక్కర్లేదు. సాంచెల కార్ఖానాల నుంచే మొదలుపెట్టండి. మా వాడలో ముప్పై ఏళ్లు నిండనివాళ్లు కూడా ఇప్పటికే "ఏందన్నా, మళ్లా చెప్పు" అంటున్నారు.

– ఒక పాఠకుడు, సిరిసిల్ల