మామా, తడి గోడ గుట్టు దొరికింది

మామా,

నీ మెసేజ్‌కి జవాబు బాగా ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇక్కడ అందరం బాగున్నాం, చిన్నది కొత్త స్కూల్లో చేరింది, ఆఫీసు మామూలే, సున్నుండల ఒప్పందం నాకింకా గుర్తుంది, నువ్వు మర్చిపోతే ఊరుకోను. మిగతా కబుర్లు తర్వాత. ముందు పైపు సంగతి చెప్పాలి, ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆగేలా లేను. పైగా నువ్వు విజయనగరంలో ఇల్లు కడుతున్నావు, నీకూ అక్కరకొస్తుంది.

మా మల్కాజిగిరి ఇంట్లో హాలు కిటికీ కింద గోడ చెమ్మెక్కి పెచ్చులూడుతోందని పోయినసారి నువ్వే చూశావు కదా. డాబా లీకేజీ అన్నాడు ఒకాయన. పైన ఏదో కెమికల్ పూసి డబ్బు పట్టుకుపోయాడు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, ఎందుకంటే చెమ్మ కింద నుంచి పైకి ఎక్కుతోంది రా, సీలింగు చూస్తే పొడిపొడిగా ఉంది! అది చూసైనా మనిషి ఒక్క నిమిషం ఆలోచించాలి కదా. దానికి తోడు గట్టి వాన వస్తే కింది బాత్రూం జాలీలోంచి మురికి నీళ్లు పైకి తన్నేవి. 2020 అక్టోబరు 13 రాత్రి వాన నీకు గుర్తుందిగా, హైదరాబాద్‌లో కాలనీలకి కాలనీలే మునిగాయి. అప్పటి నుంచి మబ్బు పడితే చాలు, నాన్న టార్చి పట్టుకుని వరండాలో కూర్చుంటాడు. ఆ వయసులో ఆయన్ని అలా చూస్తుంటే... సరే, ఆ మాట వద్దులే.

ఈసారి అమ్మ ఒక పెద్దాయన్ని పిలిపించింది, పాతకాలం ప్లంబర్. ఆయన అసలు డాబా ఎక్కలేదు. బకెట్ నీళ్లలో బట్టల నీలం కలిపి పైన వాన నీళ్ల పైపులో పోయమన్నాడు, తాను గేటు దగ్గర డ్రైనేజీ చాంబరు మూత తీసి గొంతుక్కూర్చున్నాడు. బకెట్ మీద బకెట్ పోస్తున్నాం, అక్కడ మాత్రం నీలం సన్నటి ధారగా వస్తోంది. "మిగతా నీళ్లన్నీ మీ ఇంటి కిందే ఉన్నాయి సార్" అన్నాడు. ఏ కోర్టులోనూ ఇంత సూటి తీర్పు వినలేదు మామా.

కిటికీ పక్కన పార్కింగ్ బండలు లేపి తవ్వారు. ఇల్లు కట్టిన నాటి స్టోన్‌వేర్ పైపు, అంటే కాల్చిన మట్టి గొట్టం, అతుకుల్లో సిమెంటు రాలిపోయింది, ఆ సందుల్లోంచి మన వేపచెట్టు వేళ్లు దూరాయి. పైపు పగలగొట్టి లాగితే వేళ్లు జడలా బయటికొచ్చాయి, పైపు లోపలి గుండ్రం అచ్చుగుద్దినట్టు దిగింది, సన్నటి పీచులో ఇసుక, వేప గింజలు, పాలప్యాకెట్ ముక్క. చేత్తో పట్టుకుంటే ఎంత బరువో! దాన్ని ఇంకా పారేయలేదు, గోడ మీద పెట్టాను, నువ్వొచ్చినప్పుడు చూపిస్తా.

ఇక వీధిలో ప్రతివాడూ చెట్టు కొట్టించేయమనేవాడే. అది నాన్న నాటిన చెట్టు, మనం పరీక్షలకి చదివిందంతా దాని కిందే, ఎలా కొట్టిస్తాను? పెద్దాయనే అడ్డుపడ్డాడు. వేళ్లు తడి ఉన్న చోటికి వస్తాయి సార్, పైపు కారకపోతే దానికేసి చూడవు, అన్నాడు. ఆ మాటకి ఆయనకి దండం పెట్టాలనిపించింది.

రాణిగంజ్ వెళ్లి నాలుగంగుళాల పీవీసీ తెచ్చాం. కందకంలో రాళ్లు ఏరి ఇసుక పరిచారు, పది అడుగులకి అంగుళం పైచిలుకు వాలు, లెవెల్ ట్యూబు పట్టి మరీ చూశాడు. అతుకు పెట్టే ముందు పైపు కొసని గరుకు కాగితంతో రుద్ది, గుడ్డతో తుడిచి, పైపుకీ, రెండు పైపుల్ని కలిపే కప్లింగ్ లోపలా అంటించే సొల్యూషన్ రాసి, పావు చుట్టు తిప్పుతూ దూర్చి కాసేపు అలాగే అదిమి పట్టుకున్నాడు. ఆ రోజు నీళ్లు పోయనివ్వలేదు. మర్నాడు మళ్లీ నీలం పోసి, ఎక్కడా చెమ్మ లేదని చూశాకే మట్టి కప్పించాడు. మీ మేస్త్రీ కూడా పూడ్చే ముందు నీళ్లు పోసి చూపించాల్సిందే, మొహమాటపడకు.

అసలు ముఖ్యమైంది మర్చిపోతున్నా. మా వాన పైపుని ఇన్నాళ్లూ డ్రైనేజీలో కలిపేశారు, బాత్రూం గోల అంతా అందుకే. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 930 లీటర్ల దాకా నీళ్లు. ఐదున్నర సెంటీమీటర్లు పడితే మనం వేసవిలో డబ్బు పోసి కొనే ఐదు వేల లీటర్ల ట్యాంకరు! అదంతా మురుగు లైన్లోకి తోస్తే మ్యాన్‌హోళ్లు పొంగకేం చేస్తాయి? ఇప్పుడు దాన్ని విడగొట్టి, ఇంటి పునాదికి దూరంగా గేటు పక్కన ఇంకుడు గుంతలోకి తిప్పాం, ఎక్కువైనవి రోడ్డు పక్క వాన కాలువలోకి పోతాయి. నువ్వు మాత్రం మొదటి రోజు నుంచే రెండు లైన్లూ వేరువేరుగా వేయించు, ప్లీజ్ రా.

నిన్న రాత్రి వాన దంచింది. జాలీలోంచి చుక్క రాలేదు! నాన్న టార్చి వేసుకుని గుంత చుట్టూ తిరుగుతూ నీళ్లు ఇంకుతున్నాయి, ఇంకుతున్నాయి అని అందర్నీ పిలిచాడు. గోడ పూర్తిగా ఆరాకే రంగులు. ఇక వెనకవైపు పైపు ఎండకి పెళుసెక్కి చిట్లింది, దానికి కూడా...

పెద్దాయన వచ్చేశాడు, గేటు కొడుతున్నాడు. మీ ప్లాను ఫోటో తీసి పంపు, డ్రైనేజీ గీతలు కనపడేలా.

ఉంటా.