శనివారం అరుగు: మన సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నిరుటి కాగితం ముందు పెట్టుకుని తేదీలు మార్చేసి నివేదిక అనిపించడం మన కార్యవర్గానికి పాత అలవాటు. ఉగాది పచ్చడి, గిడుగు జయంతి, కార్తీక వనభోజనం, సంక్రాంతి ముగ్గులు ఈ ఏడూ జరిగాయి. మహేంద్రతనయ నది ఒడ్డున వనభోజనంలో పులిహోర చాలలేదు, అందుకు క్షమించాలి. అంతకుమించి వాటి గురించి రాయడానికేమీ లేదు. ఈసారి పేజీలన్నీ శనివారం అరుగుకే పోతున్నాయి. ‘మిగతావి ఎప్పుడు రాస్తావోయ్’ అని కోశాధికారి గారు రెండుసార్లు అడిగారు. మిగతావి ఫొటోల్లో ఉన్నాయి.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక మాట. శనివారం సాయంత్రం సంఘం అరుగు మీద చాపలు పరిచి కూర్చుంటాం. పెద్దలు నేర్పిన సామెతో పద్యమో ఒకరు చెబుతారు, దాని మీద మాటలు నడుస్తాయి. పిల్లలకు నాలుగు తెలుగు మాటలు వంటబడతాయని మొదలుపెట్టాం. నిజం చెప్పాలంటే మొదటి రెండేళ్లు అది పెద్దవాళ్ల కుస్తీ గోదా. పద్యం పిల్లలకని పైకి చెప్పేవాళ్లం, తగలాల్సింది మాత్రం పక్కన కూర్చున్న వియ్యంకుడికో, పాత అధ్యక్షుడికో. పిల్లలు ఆవులించేవాళ్లు.

అది ఈ ఏడు మారింది. మారడానికి కారణం నా తెలివితక్కువతనమే కాబట్టి నేనే చెప్పాలి.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి సభ. పంతులు గారు మన పర్లాకిమిడికి పరాయివారు కారు. 1880లో ఇక్కడి బడిలో పంతులుగా చేరి, 1936లో ఒడిశా ఏర్పడి ఈ ఊరు అందులోకి వెళ్లేదాకా ఈ వీధుల్లోనే తిరిగిన మనిషి. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి ఏటా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. నేను సవర గిరిజనుల సంగతి ఎత్తుకున్నాను. కొండ దిగి వచ్చే సవరల మాట నేర్చుకోవాలని, తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఆయన ముందు శిష్యుడిలా కూర్చున్నారు పంతులు గారు. సవర పిల్లలకు వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్లు నడిపారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం అచ్చయింది. ప్రభుత్వం బహుమానం ఇవ్వబోతే ఆ సొమ్ముతో బడి పెట్టమన్నారు. ‘ఎదుటివాడిని తక్కువ చూసేవాడికి వాడి దగ్గర నేర్చుకునే యోగం ఉండదు’ అని గొంతు పెంచి అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లతో తరవాతి మాట కాస్తా ఎగిరిపోయింది. సరిగ్గా అప్పుడే మైకు కీచుమంది. నేను వెనక్కి తిరిగి మైకు కుర్రాణ్ణి ‘బుద్ధుందా నీకు’ దగ్గర మొదలుపెట్టి చాలా దూరం వెళ్లాను. అదంతా ఆ మైకులోనే అందరికీ వినిపించింది.

తరవాతి శనివారం అరుగు మీద, మనందరికీ మామ్మ అయిన పెద్దావిడ వక్క కత్తిరిస్తూ, నా వైపు చూడకుండా, ‘ఆడలేక మద్దెల ఓడన్నాదట ఎవర్తో’ అంది. అద్దె డబ్బుల కోసం వచ్చిన మైకు కుర్రాడు మెట్టు మీద నిలబడి ఉన్నాడు. ఒడియా కుర్రాడే అయినా ఇక్కడ అందరిలాగే తెలుగు బాగా తెలుసు. ‘మాకు మద్దెల కాదు మామ్మా, అగణా. నాచి న జాణి అగణార దోష’ అన్నాడు. ఆట రానివాడు వాకిలికి వంక పెట్టాడని. అరుగంతా నవ్వు. బడి నుంచి రిటైరైన మాస్టారు ఒకరు, ‘మద్దెలైతే ఇంకోటి తెచ్చుకోవచ్చు, వాకిలిని ఎక్కడికి తీసుకుపోతాడు? ఒడియా సామెతే గట్టిది’ అన్నారు. మద్దెల పక్షం ఒప్పుకోలేదు. ఆ వాదన పావుగంట సాగింది. నా సంగతి అందులో కొట్టుకుపోతుందని నేను లోపల సంతోషించాను కూడా.

కుర్రాడికి డబ్బులిచ్చాను గానీ రావాల్సిన మాట నోటికి రాలేదు. ఇంకో శనివారం ఆగి, వాణ్ణి పిలిపించి, అందరి ముందూ ‘తప్పు నాదే తమ్ముడూ’ అన్నాను. వాడు కాసేపు కాళ్లకేసి చూసుకుని, ‘ఆ రోజు వైరు కూడా కొంచెం లూజుగానే ఉంది సార్’ అన్నాడు.

ఆ రాత్రే అరుగుకి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. సామెత గానీ పద్యం గానీ చెప్పినవాడు దాన్ని తన మీదే వేసుకోవాలి. ఎక్కడ తప్పాడో చెప్పాలి. ఎదుటివాడి మీద విసిరితే ఆ వారం కాఫీ ఖర్చు వాడిది. (కాఫీ పద్దు ఎక్కువగా మాస్టారి పేరు మీదే ఉంది. ఆయనకి అభ్యంతరం లేదు.)

కట్టుబాటు వచ్చాక మొదటి మూడు వారాలు ఎవరూ నోరు విప్పలేదు. సామెతలన్నీ ఒక్కసారిగా మరిచిపోయినట్టు కూర్చున్నాం. మొదట తెగించింది మామ్మే. ‘అత్త మీద కోపం దుత్త మీద’ అంది. దుత్త అంటే ఏంటని పిల్లలు అడిగారు. అరుగు మీదున్న అమ్మల్లోనూ కొందరికి తెలీదు. మామ్మ మనవణ్ణి ఇంటికి తోలి తెప్పించింది. రెండు చేతుల్లో ఇమిడే మట్టి పిడత, అడుగున మసి, మూతి దగ్గర పెచ్చు ఊడింది. పాలు తోడు పెట్టేదట అందులో. పిల్లలు దాన్ని చేతులు మార్చుకుంటుంటే ఆవిడ చెప్పింది: ‘సూరత్‌లో ఉన్న మా వోడు ఫోను సెయ్యకపోతే ఆ వారవంతా పాలోడికి తిట్లు. నీళ్లు కలిపావు, ఏటీ పాలు అని. నా అత్త సచ్చి నలభై ఏళ్లయినాది గానీ దుత్త మాత్రం మారతానే ఉంది.’ రెండు నెలల తరవాత ఎవరూ అడక్కుండానే, ‘ఈ వారం ఫోను రాలేదు. పాలు చిక్కగానే ఉన్నాయి’ అంది.

ఇంకో సభ్యుడి మాట, ఆయన అనుమతితోనే రాస్తున్నాను. ఊళ్లో ఎవరికి తగాదా వచ్చినా ‘పోరు నష్టం, పొందు లాభం’ అని సర్దిచెప్పే పెద్దమనిషి. పాతపట్నంలో ఉన్న సొంత తమ్ముడితో గోడ గొడవలో తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. పాతపట్నం ఎంత దూరం? ఆటో ఎక్కితే రాష్ట్రం దాటిన సంగతి బోర్డు చూస్తే గానీ తెలీదు. నీలమణి దుర్గ అమ్మవారి దర్శనానికి ఏటా వెళ్తూనే ఉన్నారు, ఆ వీధిలోకి మాత్రం తిరగరు. అరుగు మీద ఈ సంగతి చెప్పిన వారానికి వెళ్లారు. తమ్ముడు ఇంట్లో లేడు. మరదలు కుర్చీ వెయ్యలేదు గానీ కాఫీ ఇచ్చింది, నిలబడే తాగి వచ్చేశారు. దాని మీద మాలో కొందరు చప్పట్లకు సిద్ధమైతే ఆయనే వద్దన్నారు. ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లారు, కుర్చీ వచ్చింది. గోడ అలాగే ఉంది.

మాఘంలో ఇరవై మందిమి దగ్గరి ఒడియా పల్లెకు వెళ్లి భాగవత టుంగి చూశాం. మన రామమందిరంలా ఊరందరిదీ ఆ చిన్న ఇల్లు. గాది అనే పీఠం మీద గ్రంథం, పక్కన దీపం, సాయంత్రం ఒకరు చదివితే మిగతావాళ్లు వింటారు. జగన్నాథ దాసు పదహారో శతాబ్దంలో రాసిన ఒడియా భాగవతం అది. సంస్కృతం అర్థంకాని తల్లి కోసం రాశాడని చెప్పుకుంటారు. పాదానికి తొమ్మిది అక్షరాలు, రెండు పాదాలు వినేసరికి మన పిల్లల తలలు తూగడం మొదలైంది. ఊరి తగాదాలు కూడా ఒకప్పుడు ఆ గాది ముందే తెగేవని అక్కడి పెద్దాయన చెప్పారు. గ్రంథం ఎదురుగా ఉంటే అబద్ధానికి నోరు రాదట. ఆయన అంత చెబుతున్నా మనవాళ్లు ముగ్గురు మన అరుగు గొప్ప గురించి అరగంట ఉపన్యాసం దంచారు. వాళ్లు మర్యాదగా విన్నారు. చదువు ఆ రోజు అరగంట ఆలస్యమైంది. తిరుగు దారిలో వ్యాన్‌లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఆ ముగ్గురిలో నేనూ ఒకణ్ణి.

అరుగు మీద వచ్చినవన్నీ పిల్లలు ఒక పుస్తకంలో ఎక్కిస్తున్నారు. చదివేది ఒడియా బళ్లో కాబట్టి సగం సామెతలు తెలుగు మాటలే, ఒడియా అక్షరాల్లో. ఇది చూసి కొందరు సభ్యులు బాధపడి ఉత్తరం రాశారు. కార్యవర్గం ఆ పేజీలు చింపించదలచుకోలేదు. పంతులు గారు సవర మాటను తెలుగు లిపిలో రాసిన ఊరిది. తెలుగు అక్షరాల క్లాసు ఆదివారం పొద్దున పెట్టాం, ఏడుగురు వస్తున్నారు, ఇంకా రావాలి.

కానివి కూడా చెప్పాలి. రాయగడలోని మనవాళ్ల దగ్గర ఒక అరుగు పెట్టిస్తామని నిరుడు మాటిచ్చాం, ఒక్కసారి కూడా వెళ్లలేదు. లైబ్రరీ పుస్తకాలు తీసుకెళ్లినవాళ్లు తిరిగివ్వడం లేదు. పేర్లు నోటీసు బోర్డు మీద పెడదామంటే, ఆ జాబితాలో కార్యవర్గం వాళ్లే ఎక్కువమంది తేలారు. బడి దాటిన పాతికేళ్ల లోపు కుర్రకారు సంక్రాంతికి తప్ప కనబడటం లేదు. వర్షాకాలంలో అరుగు పైకప్పు కారుతోంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి లేచిపోయిన రేకులు అప్పట్లో అతుకులేసి నెట్టుకొచ్చాం, ఇక నడవదు.

ఈ ఏడు ఇద్దరు పెద్దలు మనల్ని విడిచి వెళ్లారు. అందులో ఒకాయన ప్రతివారం వచ్చి, ఒక్క మాటా చెప్పకుండా, అందరివీ విని వెళ్లేవారు. చెప్పమని ఎంత బతిమాలినా ‘నావి శానా ఉన్నాయి బాబూ, మీకు టైము సరిపోదు’ అనేవారు. ఆయన కూర్చునే స్తంభం పక్క చోటు ఇప్పటికీ ఎవరూ ఆక్రమించలేదు.

జమాఖర్చుల పట్టీ విడిగా జతచేశాం. రేకుల కోసం ప్రత్యేక చందా ప్రతిపాదన సర్వసభ్య సమావేశంలో వస్తుంది, దయచేసి అందరూ రండి. ఎండలు తగ్గేదాకా అరుగు ఆరున్నరకి. ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకోవాలి. మామ్మ దుత్త బీరువా పై అరలో పెట్టాం, చూడాలనుకునేవాళ్లు కోశాధికారి గారిని అడిగి తీసుకోండి, కింద మాత్రం పెట్టకండి.

మీ కార్యదర్శి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా