నౌక లోపలి దినచర్య మన పిల్లలకు తెలియాలి

సంపాదకులకు నమస్కారములు.

1971 యుద్ధంలో మన నౌకాదళం కరాచీ రేవుపై జరిపిన దాడికి గుర్తుగా ఏటా డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం జరుపుకుంటున్నాము. ఆ రోజు పత్రికల నిండా క్షిపణులు, హెలికాప్టర్లు కనిపిస్తాయి గాని, ఆ నౌకలలో ఉండే మనుషులు ఎప్పుడు నిద్రపోతారో, ఎంత చోటులో సర్దుకుంటారో చెప్పే వార్త కనిపించదు. సైనిక దళాలలోకి నాలుగేళ్లకు చేర్చుకునే అగ్నిపథ్ పథకం 2022లో వచ్చింది; దాని కింద పదిహేడున్నరేళ్ల పిల్లలు కూడా దరఖాస్తు చేసుకుంటున్నారు. కావలి, ఒంగోలు ప్రాంతాల తల్లిదండ్రులు జీతమెంత, నాలుగేళ్ల తరువాత ఏమిటి అని అడుగుతున్నారే తప్ప, అక్కడ రోజు ఎలా గడుస్తుందని అడగడం లేదు.

విశాఖపట్నంలో సందర్శకులను అనుమతించిన రోజున ఒక యుద్ధనౌకను చూసే అవకాశం నాకు కలిగింది. నన్ను అన్నిటికంటే ఆలోచింపజేసినది అక్కడి కాలవిభజన. నౌకలో పగలు, రాత్రి అన్న తేడా లేకుండా ఎవరో ఒకరు కాపలాలో ఉండవలసిందే. దానిని వారు వాచ్ అంటారు. వాచ్ మామూలుగా నాలుగు గంటలు. అయితే సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు ఉన్న సమయాన్ని మాత్రం రెండేసి గంటల చొప్పున రెండుగా విడగొడతారు. అందువల్ల రోజుకు ఆరు బదులు ఏడు వాచ్‌లు వచ్చి, వంతులు రోజురోజుకూ జరుగుతూ, నడిరాత్రి మేలుకోవలసిన భారం ఎప్పుడూ ఒకరి మీదే పడకుండా ఉంటుంది. శతాబ్దాలుగా నావికులు పాటిస్తున్న ఈ ఏర్పాటులోని న్యాయబుద్ధి నాకు ఎంతో నచ్చింది. కానీ రాత్రి వాచ్ చేసినంత మాత్రాన పగటి పని తప్పదు: ఉప్పుగాలికి పట్టిన తుప్పు గీకి రంగు వేయడం, యంత్రాలను చూసుకోవడం, మంటలను ఆర్పే అభ్యాసం అన్నీ ఉంటాయి. తెగిన నిద్రకు శరీరాన్ని అలవాటు చేసుకోవడమే కొత్తవారికి పెద్ద పరీక్ష అని నా అభిప్రాయం.

పడకలు ఒకదానిపై ఒకటిగా ఉంటాయి, సామాను చిన్న లాకరులో పట్టాలి. సముద్రపు నీటిని శుద్ధి చేసి వాడుకుంటారు కనుక పొదుపు తప్పదు. తీరం దూరమైతే సెల్‌ఫోన్‌కు సిగ్నల్ అందదు. జువ్వలదిన్నె, కొత్తపట్నం మత్స్యకారుల బిడ్డలకు సముద్రం కొత్త కాకపోవచ్చు. అయినా నెలల తరబడి ఇనుప గదులలో, వంతుల ప్రకారం బతకడం వేరు.

ఇదంతా ఎవరినీ నిరుత్సాహపరచడానికి రాయడం లేదు. తెలిసి వెళ్లిన పిల్లవాడు నిలదొక్కుకుంటాడన్న నమ్మకంతోనే రాస్తున్నాను. విశాఖ విహారయాత్రకు వెళ్లే పాఠశాలలు, 2002 నుంచి బీచ్‌లో ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా జలాంతర్గామి ముందు ఫోటోలు దిగి ఊరుకోకుండా, అందులోని పడకలను, వంటగదిని, ఇరుకు ద్వారాలను పిల్లలకు నిదానంగా చూపించాలి. మన కృష్ణపట్నం రేవుకు కూడా వీలైనప్పుడు ఒక నౌకను రప్పించి విద్యార్థులకు చూపించే విషయాన్ని జిల్లా అధికారులు నౌకాదళంతో మాట్లాడాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో ఉన్న విశ్రాంత నావికుల చేత వారి దినచర్యను రాయించి, నియామక ప్రకటనలు వెలువడే రోజులలో మీ జిల్లా అనుబంధంలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా.